ఐదొందల యెన్‌లు ఇచ్చి పారిపోయిన మనిషి

ప్రశ్న: ఆటో విడిభాగాల కంపెనీలో పనిచేస్తాను. శిక్షణ కోసం నాలుగు నెలలు జపాన్‌లో, నగోయా దగ్గర ఉండి ఈమధ్యే వచ్చాను. అక్కడ నాకు జరిగినన్ని తమాషాలు ఇంకెవరికీ జరిగి ఉండవు. నూడుల్స్ హోటల్లో బల్ల మీద ఐదొందల యెన్‌ల బిళ్ళ టిప్పుగా పెట్టి వస్తే, సర్వర్ అమ్మాయి రోడ్డు మీద వెంటపడి తిరిగి ఇచ్చేసింది (బిల్లు తక్కువ కట్టానేమోనని నేను నడక వేగం పెంచాను, అది వేరే సంగతి). పాతకాలపు సత్రంలో టాయిలెట్ చెప్పులతోనే భోజనాలకు వెళ్ళాను. వాటి మీద 'టాయిలెట్' అని వాళ్ళ లిపిలో రాసి ఉందట, నాకేం తెలుసు. ఇంకోచోట ఫ్లష్ అనుకుని ఎర్ర బటన్ నొక్కితే ఇద్దరు పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టారు. తోటి ఉద్యోగి ఒకాయన 'కాకి ఫ్రై తింటావా' అంటే బిత్తరపోయి తలూపాను. ఆయనకేం అర్థమైందో ఇప్పటికీ తెలియదు.

మా గృహప్రవేశంలో ఇవన్నీ చెబితే ఎవరూ పెద్దగా నవ్వలేదు. మా బావ 'అయితే ఆ దేశంలో అందరూ తిక్కవాళ్ళేనన్నమాట' అన్నాడు. మేనల్లుడేమో కళ్ళు పక్కకు లాగి, వింత చప్పుళ్ళు చేస్తూ వీడియో తీసి పెట్టాడు. అందులో వెనక నా గొంతు వినిపిస్తుంది. డిసెంబర్‌లో ఆ కాకి ఫ్రై పెద్దమనిషే మా ఊరు వస్తున్నాడు, భోజనానికి పిలిచాను. సంక్రాంతికి కాలనీలో పది నిమిషాలు మాట్లాడమంటున్నారు. ఫిబ్రవరిలో మా ఆవిడతో మళ్ళీ వెళుతున్నాను, ఆవిడ శాకాహారి. ఎవరినీ కించపరచకుండా నవ్వించడం ఎలాగండీ? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా నవ్వొచ్చే మాటను బ్రాకెట్లో పెట్టి, పైగా 'అది వేరే సంగతి' అన్నారు. వేరే సంగతి కాదండీ, అదే సంగతి. మన లెక్కలో మూడు వందల రూపాయలకు కాస్త అటూఇటూ అయ్యే డబ్బును దర్జాగా వదిలేసి వచ్చిన మనిషి, ఆ డబ్బు తిరిగివ్వడానికి వస్తున్న అమ్మాయిని చూసి పారిపోతున్నాడు. కథంటే ఇదీ. గృహప్రవేశంలో మీరు దీన్ని దాటేసి, 'జపాన్‌లో టిప్పులు తీసుకోరు' అన్న సమాచారం చెప్పి ఉంటారు. సమాచారానికి ఎవరు నవ్వుతారు?

మీ బావగారిని కూడా పూర్తిగా తప్పు పట్టలేం. వాక్యానికి కర్త 'జపాన్ వాళ్ళు' అయిన మరుక్షణం వినేవాళ్ళు తీర్పు చెప్పే పనిలో పడతారు. 'జపాన్ వాళ్ళు టిప్పు తీసుకోరు', 'జపాన్ వాళ్ళు టాయిలెట్‌కి వేరే చెప్పులు వేసుకుంటారు', 'జపాన్ వాళ్ళు కాకి తింటారు' అని వరసగా మూడు వాక్యాలు విన్నవాడు నాలుగోది తనే పూరిస్తాడు. ఆయన పూరించాడు. కాబట్టి మొట్టమొదటి మరమ్మతు వ్యాకరణంలోనే జరగాలి. ప్రతి కథలోనూ కర్త 'నేను' కావాలి. నేను ఇలా అనుకున్నాను, నేను ఇలా చేశాను, తీరా చూస్తే అది కాదు. మీ నమ్మకం ఎక్కడ జారిందో నవ్వు అక్కడే ఉంటుంది.

రెండో మరమ్మతు, ఎదుటి మనిషి అలా ఎందుకు చేసిందో మీరు ముందు కచ్చితంగా తెలుసుకోవడం. టిప్పు సంగతే తీసుకోండి. అక్కడ మామూలు హోటళ్ళలో టిప్పు ఆనవాయితీ లేదు. ఖరీదైన రెస్టారెంట్లు, సత్రాలు అయితే పది పదిహేను శాతం సేవా రుసుము బిల్లులోనే కలిపేస్తాయి. నూడుల్స్ హోటల్లాంటి చోట డబ్బు చాలావరకు తలుపు దగ్గరి కౌంటర్‌లో, అక్కడుండే చిన్న పళ్ళెంలో పెట్టి కడతారు. అంటే తినే బల్ల మీద డబ్బు ఉండటానికి ఆ అమ్మాయికి తెలిసిన కారణం ఒక్కటే: ఎవరో మరిచిపోయారు. మరిచిపోయిన వస్తువును అక్కడ 'వసురెమోనో' అంటారు. గొడుగు దొరికినా పర్సు దొరికినా దగ్గరి చిన్న పోలీసు ఔట్‌పోస్టులో అప్పగించే అలవాటున్న ఊళ్ళో, మనిషి ఇంకా కనుచూపు మేరలోనే ఉంటే పరిగెత్తి ఇచ్చేస్తారు. ఆమె దృష్టిలో చూస్తే అందులో తిక్క ఏమీ లేదు. తిక్కగా ప్రవర్తించింది, డబ్బు మరిచిపోయి పైగా పారిపోతున్న విదేశీయుడు.

ఇప్పుడు అదే సంగతిని ఇలా చెప్పి చూడండి:

"నగోయాలో కొత్త. నూడుల్స్ బాగున్నాయి. మనం పెద్దమనుషులం కదా, బల్ల మీద ఐదొందల బిళ్ళ పెట్టి వెనక్కి చూడకుండా బయటికొచ్చా. పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి కేక, 'ఓక్యాకుసామా!' సర్వర్ అమ్మాయి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొస్తోంది. బిల్లు తక్కువ కట్టానా? నడక పెంచా. ఆవిడ పరుగు పెంచింది. పరాయి దేశం, పాస్‌పోర్టు జేబులో, రేపు పేపర్లో నా పేరు. ఇక లాభం లేదని ఆగిపోయా. ఆవిడ ఆయాసపడుతూ వచ్చి, వంగి, రెండు చేతులతో ఆ బిళ్ళ నా చేతిలో పెట్టి, 'మీరు డబ్బు మరిచిపోయారండీ' అంది."

అక్కడితో ఆపేయాలి. 'అంటే అక్కడ టిప్పులు తీసుకోరన్నమాట' అని తోక తగిలించకండి. 'మరిచిపోయారండీ' అన్న మాటలోనే ఆ వివరణ మొత్తం ఉంది. 'ఓక్యాకుసామా' అంటే 'కస్టమర్ గారూ' అని కూడా చెప్పక్కర్లేదు. వెనక నుంచి వచ్చే కేకకు అర్థం తెలియకపోవడమే మీ భయానికి కారణం, కాబట్టి వినేవాళ్ళకీ తెలియకూడదు. ఎక్కడ ఆగారో మీ ఉత్తరంలో లేదు గనక 'ఆగిపోయా' అని వదిలేశాను. అక్కడ సిగ్నలుందో, సైకిల్ స్టాండుందో గుర్తు చేసుకుని ఒక్క వస్తువు పెట్టండి. మీ భయాన్ని పదింతలు చేసుకోవచ్చు, అది మీ సొంత ఆస్తి. ఆమె అన్న మాటను, అక్కడి పద్ధతిని మాత్రం పెంచకండి.

చెప్పుల కథ పండకపోవడానికి కారణం వేరు. అక్కడి కట్టుబాటు తెలిసేలోపే మీరు భోజనాల గదిలోకి వచ్చేసి ఉంటారు. నవ్వు అయిపోయాక వివరణ ఇవ్వడమంటే తాలింపు మాడ్చేసి ఆవాలు వెతుక్కోవడం. ఈ కథకు మూడు మెట్లున్నాయి, మూడూ వరసగా వేయాలి. సత్రం గుమ్మంలో బూట్లు విప్పి సత్రం వాళ్ళ చెప్పులు వేసుకోవడం ఒకటి. చాప గదిలోకి, అంటే తతామి పరిచిన గదిలోకి, వెళ్ళేటప్పుడు ఆ చెప్పులు కూడా బయటే విడిచి మేజోళ్ళతో నడవడం రెండు. టాయిలెట్ గుమ్మం దగ్గర ఇంటి చెప్పులు వదిలి, లోపలుండే వేరే జతలోకి కాళ్ళు దూర్చడం మూడు. బయటికొచ్చేటప్పుడు ఆ జతను అక్కడే విడిచేయాలి. కొత్తవాళ్ళందరూ పొరపడేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే లోపలికి వెళ్ళేటప్పుడు మార్చుకోవడం కళ్ళకు కనబడుతుంది, తిరిగొచ్చేటప్పుడు బుర్ర భోజనం మీద ఉంటుంది.

దీన్ని మన సభకు చెప్పడానికి మీకో వరముంది. మడి అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 'మా నాయనమ్మ మడి మూడు గదులకు మూడు రకాలుగా విడగొడితే ఎలా ఉంటుందో అదీ' అని ఒక్క వాక్యం అనండి, పెద్దవాళ్ళు మీ కన్నా ముందే ఆ టాయిలెట్ గుమ్మం దగ్గరికి చేరుకుని, మీరు చెప్పులు మార్చుకుంటారా లేదా అని చూస్తుంటారు. ఆ తర్వాత కూర రంగు, సూపు రుచి, పక్కనున్న పెద్దావిడ మీ కాళ్ళకేసి చూసి చిన్నగా నవ్వడం, మీరూ మర్యాదగా నవ్వడం. ఆ చెప్పుల మీద ఏం రాసుందో ఆఖరి మాటగా రావాలి. మీరు ఉత్తరంలో దాన్ని మధ్యలో చెప్పేశారు. 'కాళ్ళ మీద టాయిలెట్ అని బోర్డు పెట్టుకుని అన్నానికి కూర్చున్నా' అన్నదాని తర్వాత ఇంకొక్క మాట కూడా వద్దు.

ఎర్ర బటన్ కథలో సగమే రాశారు. అక్కడి టాయిలెట్ సీటు పక్కనో గోడ మీదో ఉండే పలకలో కడగడానికి, నీటి ధార తగ్గించడానికి, ఆపడానికి బటన్లుంటాయి. అసలు ఫ్లష్ మీట ఒక్కోసారి ట్యాంకు పక్కన, ఒక్కోసారి గోడకు, ఒక్కోసారి చెయ్యి చూపిస్తే పనిచేసే కన్నుగా ఉంటుంది. అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం సహాయం పిలిచే బటన్. దాన్ని 'యోబిదాషి' అంటారు. కళ్ళకు బాగా కనిపించేదే ముఖ్యమైనది అనుకోవడం మనిషి సహజం, అందుకే చాలామంది దాన్నే నొక్కుతారు. ఆ ఇద్దరూ పరిగెత్తుకొచ్చింది లోపల ఎవరో పడిపోయారేమో అన్న కంగారుతో. సరే, తలుపు కొట్టారు. లోపలి నుంచి మీరు ఏమన్నారు? ఏ స్థితిలో అన్నారు? కథంతా తలుపుకు మీ వైపే ఉంది, మీరేమో అవతలి వైపు వదిలేసి వెళ్ళిపోయారు. మీకు అప్పటికి వచ్చిన జపనీస్ మాటలు ఎన్ని, అందులో ఆ సమయానికి నోటికి ఏది వచ్చింది అన్నది రాసుకోండి. ఇలాంటి చోట నిజంగా పనికొచ్చే మాట 'దైజోబు', అంటే 'పర్లేదు, బాగానే ఉన్నాను'. ఫిబ్రవరికి మీ ఆవిడకు నేర్పే మొదటి మాట ఇదే కానివ్వండి.

కాకి ఫ్రై దగ్గర కాస్త ఆగాలి, మీ సంచిలో అసలైన బంగారం అది. జపనీస్‌లో 'కాకి' అంటే ఆల్చిప్ప, ముత్యపుచిప్ప జాతి. గుల్ల తీసి లోపలి మాంసాన్ని రొట్టె పొడిలో దొర్లించి నూనెలో వేయించి, సన్నగా తరిగిన క్యాబేజీతో పెడతారు. శీతాకాలపు వంటకం, ఈ ఆల్చిప్పలకు హిరోషిమా ప్రసిద్ధి. పలకడం కాస్త మార్చితే 'కాకి' అంటే ఒక రకం నారింజ రంగు పండు కూడా. 'ఫ్రై'ని వాళ్ళు 'ఫురాయ్' అంటారు, తెలుగు చెవికి అచ్చం కాకి ఫ్రైయే. ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు. రెండు భాషలు దారిలో ఢీకొన్నాయంతే. ఇలాంటి నవ్వు ఏ దేశం వాళ్ళ ముందైనా చెల్లుతుంది, ఆ పెద్దమనిషి ముందు కూడా.

ఇదే కోవలో ఇంకో రెండున్నాయి. వెతుకుతున్న తాళంచెవి దొరకగానే అక్కడ 'అత్తా!' అంటారు, 'ఇదిగో, ఉంది!' అని అర్థం. ఎలా ఉన్నావంటే 'మామా' అంటారు, అంటే 'ఏదో, ఫర్వాలేదు'. సంక్రాంతికి కొత్త అల్లుళ్ళు కూర్చున్న సభలో ఈ రెండిటికీ వచ్చే స్పందన నేను చెప్పక్కర్లేదు. కానీ మూడు దాటించకండి. నాలుగో మాటతో అది కథ కాకుండా పదకోశం అయిపోతుంది.

మీరు తలూపారన్నారు, ఎలా ఊపారు? మనం 'సరే' అనడానికి తల పక్కకు వాలుస్తాం. జపాన్‌లో తల పక్కకు వాల్చడం సందేహానికి గుర్తు, 'ఏమో, ఎలాగో' అన్నట్టు. మీరు బిత్తరపోయి తల వాల్చి ఉంటే, ఆయన దాన్ని ఆల్చిప్పలంటే మీకు అనుమానం అని సరిగ్గానే అర్థం చేసుకుని ఉంటాడు. ఇలా తప్పుదారిలో వెళ్ళి ఒప్పుకు చేరిన పొరపాట్లు అరుదు, దాచుకోండి.

దీనికి జంటగా చెప్పాల్సింది 'హై'. మీటింగుల్లో మీరు మాట్లాడుతుంటే వాళ్ళు 'హై, హై' అంటూ ఉంటారు. ఒప్పుకున్నారని మనవాళ్ళు సంబరపడి, పై అధికారులకు మెయిలు కూడా పంపేస్తారు. అది ఒప్పుకోలు కాదు, ఊఁ కొట్టడం. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టకపోతే ఆపేసే జాతి మనది, మనకు ఇది తెలియకపోవడమేమిటి? అలాగే 'పరిశీలిస్తాం' అని గానీ, 'కొంచెం...' అని సాగదీసి గానీ ఆపేస్తే చాలాసార్లు కాదని అర్థం. మన 'చూద్దాం లెండి' కూడా అదే కదా. ఫ్యాక్టరీ జనం ఉన్న కాలనీ అయితే ఈ ముక్క తప్పక చెప్పండి.

ఇక పది నిమిషాల లెక్క. నిమిషానికి వంద మాటలు అనుకుంటే మొత్తం వెయ్యి మాటలు. నవ్వులకు, మైకు సర్దుకోవడానికి, మధ్యలో లేచి ఏదో అడిగే పెద్దాయనకు రెండు నిమిషాలు తీసేయండి. మిగిలిన ఎనిమిదిలో మూడు కథలు పడతాయి. నాలుగు పట్టవు. శంషాబాద్ విమానాశ్రయంలో మొదలుపెట్టి రోజువారీగా రావడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ప్రయాణానికి వరస తేదీలది, వినేవాళ్ళకు ఆ తేదీలతో పనిలేదు. మొదట ఐదొందల బిళ్ళ, ఎందుకంటే పరుగు అందరికీ అర్థమవుతుంది, ముందుగా ఏ నిబంధనా చెప్పనక్కర్లేదు. మధ్యలో చెప్పులు, నిబంధన వినే ఓపిక అప్పటికి వాళ్ళకు వచ్చి ఉంటుంది. చివర కాకి. ఎర్ర బటన్‌ను ఇంట్లో వాళ్ళకు దాచుకోండి. వరసగా రెండు టాయిలెట్ కథలు చెబితే మీ ప్రయాణమంతా అక్కడే గడిచిందనుకుంటారు. మాటల తమాషా అయిన కాకి కథను వదిలేస్తే, ఒక్కో కథలో ఒక్కటే కొత్త మాట. టిప్పు కథలో 'ఓక్యాకుసామా' ఉంటే 'వసురెమోనో' వద్దు. నేను పైన చెప్పిన వివరాలన్నీ మీ తలలో ఉండాలి, మైకులోకి పదో వంతే రావాలి.

చెప్పే తీరు జపాన్ నుంచే నేర్చుకోవచ్చు. అక్కడ రకుగో అని ఒక కథాకళ ఉంది. చెప్పే మనిషి చిన్న పరుపు మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, ఒక విసనకర్ర, ఒక చేతి తువ్వాలు తప్ప ఏమీ లేకుండా అన్ని పాత్రలూ తనే అవుతాడు. మొదట్లో చెప్పే పిట్టకథను 'మాకురా' అంటారు, అంటే దిండు. ఆఖరి కొసమెరుపును 'ఓచి' అంటారు. ఇద్దరు మాట్లాడుకునే చోట అతను ఇటు తల తిప్పితే ఒకరు, అటు తిప్పితే ఇంకొకరు. మీకు అక్కరకొచ్చేది ఇదే. సర్వర్ అమ్మాయిగా మాట్లాడేటప్పుడు తల కాస్త తిప్పి, ఆమె వంగినట్టు మీరూ కాస్త వంగి, మాట మాత్రం మీ మామూలు గొంతుతోనే అనండి. గొంతు సన్నం చేయడం, 'ర'ను 'ల'గా పలకడం, కళ్ళు లాగడం ఏవీ అవసరం లేదు. కళ్ళు లాగడమైతే తమాషా కానే కాదు, తూర్పు ఆసియా వాళ్ళను ఎగతాళి చేయడానికి ఎన్నో దేశాల్లో వాడిన పాత అవమానం అది. మీ మేనల్లుడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. తిట్టకుండా చెప్పి, వీడియో ఇవాళే తీయించేయండి. 'నీ గొంతు ఉంది కదా మామయ్యా' అని వాడు వాదిస్తే, తీయమనడానికి అదే కారణం అనండి.

కొన్ని కథలు ఎంత నవ్వొచ్చినా మైకు దాకా రాకూడదు. మందు పార్టీలో పై అధికారి ఏం చేశాడన్నది మొదటిది. ఆఫీసయ్యాక తాగే ఆ విందుల్లో జరిగినది మర్నాడు ఎవరూ ఎత్తరు, అది అక్కడి అలిఖిత ఒప్పందం. పేరు చెప్పకపోయినా మీ శిక్షణ ముఠాలో ఉన్నది కొద్దిమందే గనక మనిషిని పోల్చేస్తారు. సామూహిక స్నానాల దగ్గర ఇతరుల ఒంటి మీద వ్యాఖ్యలు వద్దు, మీ సిగ్గు గురించి ఎంతైనా చెప్పుకోండి. అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చిన పొరపాటు మీకూ జరిగి ఉంటే దాన్ని నవ్వులాటగా చెప్పకండి. అది అక్కడ చనిపోయిన వాళ్ళకు అన్నం పెట్టే తీరు. పుల్ల నుంచి పుల్లకు ముక్క అందించడం దహనం తర్వాత అస్థికలు ఏరే పద్ధతి. పిండం ముద్ద మీద జోకులు మనం మాత్రం వింటామా? ఇక హిరోషిమా పేరు ఆల్చిప్పలతో వచ్చింది గనక, అక్కడి నుంచి బాంబు మీదికి మాట జారనివ్వకండి. సభలో ఎవరో ఒకరు జార్చడానికి చూస్తారు.

మీ ఆవిడ ప్రయాణంలో అసలు చిక్కు చెప్పులూ కాదు, బటన్లూ కాదు, 'దాషి'. అక్కడి వంటకు పునాది ఆ చారు. ఎక్కువగా పొగబెట్టి ఎండించిన చేప తురుము, సముద్రపు నాచు కలిపి కాస్తారు. మిసో సూపులో, నూడుల్స్ పులుసులో, కూరగాయల ఉడుకులో, గుడ్డు అట్టులో కూడా ఉంటుంది. 'వెజిటేరియన్' అంటే చాలాచోట్ల కనిపించే మాంసం ముక్కలు తీసి పెడతారు, చారు అలాగే ఉంటుంది. వాళ్ళు మోసం చేసినట్టు కాదు. మనం వంకాయ కూరలో ఉప్పు ఉందని ఎవరికైనా విడిగా చెబుతామా? కాబట్టి 'మాంసం వద్దు' అని ఊరుకోకుండా 'నికు, సకనా, దాషి' మూడూ వద్దని అడగాలి. మాంసం, చేప, ఆ చారు. జపనీస్‌లో రాయించిన చిన్న చీటీ పర్సులో పెట్టుకుని చూపించడం నోటితో చెప్పడం కన్నా నయం. బౌద్ధ మఠాల వంటను 'షోజిన్ ర్యోరి' అంటారు, చేప లేకుండా నాచు, పుట్టగొడుగులతోనే చారు కాస్తారు. కోయాసాన్ కొండ మీది మఠాల్లో బస చేస్తే ఇదే భోజనం. రోజువారీకి మాత్రం బస చేసే గదిలో ఒక చిన్న రైస్ కుక్కర్ ఉండటమే మేలు. వెజ్ పచ్చళ్ళు తీసుకెళ్ళండి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం సీసా మూత బిగించి ఉన్నా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, మాంసంతో చేసినవేవీ రానివ్వరు. తనిఖీ ధ్రువపత్రం లేనిదే పచ్చి కరివేపాకు, పండ్లు కూడా అంతే. జలుబు మాత్రలు పెట్టేముందు డబ్బా వెనక చదవండి. సూడోఎఫిడ్రిన్ 10 శాతం మించితే నిషిద్ధం.

మిగతావి దారిలో అలవాటవుతాయి. రైల్లో ఫోను మాట్లాడరు, స్పీకర్లో పెట్టి ఊరి కబుర్లు అసలే వద్దు. నగోయాలో ఎస్కలేటర్ మీద నడవకూడదని 2023 అక్టోబర్ నుంచి నగర నిబంధనే ఉంది, నిలబడాలి. రోడ్డు మీద చెత్తబుట్టలు దాదాపు కనిపించవు, సంచిలో ఒక కవరు పెట్టుకోండి. మందు కూడా అమ్మే చిన్న హోటల్లో కూర్చోగానే, అడగకపోయినా ఒక చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెట్టి మనిషికి మూడు నాలుగు వందల యెన్‌లు వేస్తారు. అది మోసం కాదు, కూర్చున్నందుకు రుసుములాంటిది. అందులోనూ చేప ఉండొచ్చని మీ ఆవిడకు ముందే చెప్పండి.

డిసెంబర్ అతిథి విషయంలో మీకు భయమెందుకో అర్థమైంది. ఆ వీడియో ఆయన కంటబడుతుందేమోనని. తీయించేశాక, ఎవరి ద్వారానో తెలిసేలోపు మీరే ఒక్క ముక్క చెప్పండి: 'మా ఇంట్లో కుర్రాడు ఒకడు తప్పుగా ప్రవర్తించాడు, తీయించేశాను, క్షమించండి.' ఇంతకు మించి సాగదీస్తే ఆయనే మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అది ఆయనకు ఇంకా ఇబ్బంది. తర్వాత కాకి ఫ్రై సంగతి ఎత్తండి. జపాన్‌లో ఇద్దరు నిలబడి చేసే హాస్యంలో ఒకడు 'బోకె', మొద్దు. ఇంకొకడు 'త్సుక్కోమి', ఆ మొద్దును సరిదిద్దేవాడు. మీరు మొద్దు వేషం వేసుకుంటే సరిదిద్దే వేషం ఆయన దానంతటదే అందుకుంటాడు. వాక్యాలు పొట్టిగా ఉండాలి. ముందు ఫోన్లో కాకి బొమ్మ చూపించి, 'మా భాషలో కాకి అంటే ఇది' అనండి చాలు. వ్యంగ్యం మాత్రం వద్దు, రెండో భాషలో అది నిజమని వినిపిస్తుంది.

ఆయనకూ మన ఊళ్ళో ఒక పొరపాటు సిద్ధంగా ఉంది. అక్కడ పళ్ళెంలో ఏమీ మిగల్చకుండా తినడం మర్యాద. మన ఇంట్లో ఖాళీ అయిన విస్తరిని చూస్తే వడ్డించేవాళ్ళకు చెయ్యి ఆగదు. ఆయన మర్యాద కోసం ఖాళీ చేస్తాడు, మీవాళ్ళు మర్యాద కోసం నింపుతారు, పాపం ఇది ఎక్కడికి పోతుందో ఊహించండి. కూర్చోబెట్టేముందే చెప్పండి: చాలనుకుంటే విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టాలి, అప్పటికీ ఆగకపోతే ఆకు మడిచేయాలి. ఈ మాట వంటింట్లో కూడా చెప్పి ఉంచండి, లేకపోతే ఆయన అడ్డం పెట్టిన చేతి పక్క సందులోంచి నెయ్యి వడ్డించేస్తారు.